మొదటి పెట్టె

మా చెల్లి పిచ్చుక సంచి అమ్మ సర్దుతోంది. మా ఇంట్లో ఎవరి సంచి వాళ్ళు సర్దుకునే అలవాటు లేదు. వెళ్ళేవాళ్ళ చేతికి తొందర ఎక్కువ, ఉండేవాళ్ళ చేతికి ఓపిక ఎక్కువ అని అమ్మ నమ్మకం. అది ఎర్ర గుడ్డసంచి. ఒక పిడి తెగితే నల్లదారంతో కుట్టారు. అడుగున రెండు దుప్పట్లు, వాటి మీద నాలుగు జతల బట్టలు, పక్కన సబ్బుపెట్టె, దువ్వెన, తలనొప్పి మాత్రలు, ముఖానికి కట్టుకునే వల. అన్నిటికీ మధ్యలో, పసిపిల్లని పడుకోబెట్టినంత జాగ్రత్తగా, పాత దుప్పటి ముక్కలో చుట్టిన ఒక చట్రం.

చట్రమంటే తెలియనివాళ్ళకి చెబుతాను. తేనెపెట్టెలో పుస్తకాలు నిలబెట్టినట్టు వరసగా పది చెక్కచట్రాలు వేలాడుతుంటాయి. ఈగలు వాటిలో మైనంతో చిన్న చిన్న గదుల పట్టు కడతాయి. పైన తేనె దాచుకుంటాయి, కింద పిల్లల్ని పెంచుకుంటాయి. అమ్మ చుట్టి పెట్టింది మా మొదటి పెట్టెలోని చట్రం, అంచుదాకా తేనె నిండినది.

పోయిన వారం మనం పెద్దమ్మ ఉత్తరం దగ్గర ఆగాం. పదకొండేళ్ళు పలకరింపు లేని మా పెద్దమ్మ నది అవతల నుంచి మూడే మూడు ముక్కలు రాసింది. “చిన్నదాన్ని పంపు. రెండు వందల పెట్టెలు ఒక్కదాన్నే చూసుకోలేకపోతున్నాను. ఆ పెట్టెలోంచి మాత్రం ఏమీ పంపకు.”

మూడో ముక్క దగ్గర అమ్మ మూతి ముడిచింది. తాతయ్య పోయినప్పుడు ఆయన మిగిల్చిన ఒకే ఒక్క తేనెపెట్టెని అమ్మ లారీ ఎక్కించి తెచ్చుకుంది. గేటు దగ్గర పెద్దమ్మ అడ్డం నిలబడి, “దాన్ని ఇక్కడే వదిలెయ్యి” అందట. వదలలేదు. మాటలు ఆగిపోయింది అక్కడే. ఆ ఒక్క పెట్టె ఇప్పుడు నలభై అయింది. నాన్న పోయాక మమ్మల్ని సాకింది అవే.

“వద్దన్నాక ఎందుకమ్మా పెట్టడం?” అన్నాను.

“వద్దంటే వద్దనా? పదకొండేళ్ళయినా ఆ పెట్టె మీద దిగులు పోలేదు అక్కకి. రుచి చూస్తే మెత్తబడుతుంది.”

“మెత్తబడకపోతే నన్నే తినేస్తుంది,” అంది పిచ్చుక, పళ్ళు తోముకుంటూ.

దానికి పంతొమ్మిదేళ్ళు. నాకు ఇరవై రెండు. బస్సు తొమ్మిదిన్నరకి. ఏడు కూడా కాలేదు, అప్పటికే నాలుగుసార్లు గడియారం చూశాను.  ఆ నల్లదారం కుట్టు లాగి చూశాను. గట్టిగానే ఉంది. మళ్ళీ లాగి చూశాను.

అప్పుడే గేటు బయట సైకిల్ ఆగింది.

వచ్చినాయన తేనెపెట్టెల తనిఖీ చేసే ఉద్యోగి. జేబులో ఎప్పుడూ అగ్గిపెట్టె ఉంటుంది, కాని బీడీ సిగరెట్టు ముట్టడు. అందుకని మా వైపు అంతా ఆయన్ని అగ్గిపుల్లాయన అనేవాళ్ళు. నెల రోజులుగా ఇల్లిల్లూ తిరుగుతున్నాడు. ఈగలకి జబ్బు తగిలిందని పదకొండు ఇళ్ళలో పెట్టెలు తగలబెట్టించాడు. మా ఇంటిని ఆఖరికి ఉంచాడు. వాళ్ళ పెట్టెలకి జబ్బే రాదు సార్, అని అందరూ చెప్పారు మరి.

ఆయన సైకిల్ వెనక కట్టుకొచ్చిన బకెట్ దించి, ఏదో మందు కలిపిన నీళ్ళలో బూట్లు ముంచి, బ్రష్‌తో అరికాళ్ళు రుద్దుకుంటున్నాడు.

“కాళ్ళు కడుక్కుని మరీ వస్తున్నారేంటి సార్, భోజనానికి కూర్చుంటారా?” అంది పిచ్చుక.

“ఇంకో ఇంటి బురద మీ ఇంటికి తేవడం ఇష్టం లేక, అమ్మాయ్. వెళ్ళేటప్పుడు కూడా కడుక్కుంటాను. అప్పుడు మాత్రం ఎవరూ నవ్వరు.”

అమ్మ ఆయనకి కుర్చీ వేసింది. ఆయన కూర్చోకుండా బల్ల మీద సంచి పక్కకి జరిపి ఒక పటం పరిచాడు. మా లోయ, రోడ్లు, అంచున నది. పటం మీద పదకొండు ఎర్ర చుక్కలు. పేర్లు లేవు.

“పెట్టెలు తరవాత చూస్తానమ్మా. ముందు మీరు దీన్ని చూడండి. ఈ ఈగల సంగతి మీకు తెలిసినంత ఇక్కడ ఎవరికీ తెలీదు. నాకు ఒక ముడి వీడటం లేదు.”

పొగడ్తకి అమ్మ ముఖం కొంచెం వెలిగింది. కళ్ళజోడు పెట్టుకుని వంగింది.

“ఈ జబ్బు పెద్ద ఈగల్ని ఏమీ చెయ్యదు. పిల్లల్నే చంపుతుంది,” అన్నాడాయన. “మూసిన గదిలో పిల్ల కుళ్ళి జిగురైపోతుంది. ఆ గది శుభ్రం చేసిన ఈగ, అదే నోటితో ఇంకో పిల్లకి మేత పెడుతుంది. అలా ఒక పెట్టె నీరసపడితే పక్క పెట్టెల ఈగలు వచ్చి దాని తేనె దోచుకుంటాయి. దొంగసొత్తుతో పాటు జబ్బూ వెళ్తుంది. ఈగ మహా అయితే రెండు మూడు మైళ్ళు పోతుందా? కాబట్టి చుక్క చుట్టూ చుక్కలు రావాలి, గుడ్డ మీద నూనె పాకినట్టు. ఇక్కడ అలా లేదు చూడండి. ఇక్కడొకటి. మధ్యలో ఐదు మైళ్ళు ఏమీ లేదు. మళ్ళీ అక్కడొకటి. ఈగ ఇలా దూకదు.”

“మరి?” అంది పిచ్చుక.

“మనిషి దూకుతాడు. నేను ఇదివరకు మొక్కల తెగుళ్ళు చూసే పనిలో ఉన్నాను. గాలి తెస్తుంది, వాన తెస్తుంది, పురుగు తెస్తుంది, నిజమే. కాని అన్నిటికంటే దూరం తెచ్చేది, చుట్టం ప్రేమగా ఇచ్చిన విత్తనం మూట. పశువుల దగ్గరా అంతే. సంతలో కొన్న దూడని నాలుగుసార్లు చూసి తోలుకొస్తాం. అన్న ఇచ్చిన దూడని ఎవరైనా పళ్ళు పట్టి చూస్తారా?”

 అమ్మ వేలు ఒక చుక్క మీద పెట్టింది.

“ఇది టైలరమ్మ ఇల్లు,” అంది. వేలు జరిగింది. “ఇది లెక్కల మేష్టారు. ఇది రొట్టెలు కాల్చే ఆయన. ఇది కవల పిల్లల ఇల్లు.”

ఆయన పెన్సిల్ కింద పెట్టాడు. “నేను పేర్లు రాయలేదే. మీకెలా తెలుసు?”

వేలు ఆగలేదు. పదకొండు చుక్కలూ తాకింది. తెలిసిన పిల్లల తలలు నిమిరినట్టు ఒక్కొక్కటీ తాకింది. తరవాత కళ్ళజోడు తీసి కొంగుతో తుడిచింది, మసక అద్దాల్లో ఉన్నట్టు.

“వీళ్ళందరికీ నేను చట్రాలు ఇచ్చాను బాబూ.”

ఇక్కడ మా ఇంటి పద్ధతి చెప్పాలి. ఎవరి పెట్టె నీరసించినా అమ్మ దగ్గరికి వచ్చేవాళ్ళు, డాక్టరు దగ్గరికి వచ్చినట్టే. అమ్మ మొదటి పెట్టె తెరిచి, తేనె నిండిన చట్రం ఒకటి తీసి ఇచ్చేది. బలమైన ఇంటి తిండి తింటే అవీ కోలుకుంటాయని. పైసా పుచ్చుకునేది కాదు. రెండేళ్ళుగా లోయలో పెట్టెలు చావడం ఎక్కువైంది, వచ్చేవాళ్ళూ ఎక్కువయ్యారు. ఎంత ఎక్కువ మంది వస్తే అమ్మ అంత ఎక్కువ ఇచ్చింది.

“ఏ పెట్టెలోంచి?” అన్నాడాయన, చాలా నెమ్మదిగా.

పెరట్లో అన్నిటికంటే మొదటిది, చెక్క నల్లబడింది, మూలలకి రేకు ముక్కలు కొట్టింది. ఈగలు కుట్టకుండా అమ్మ పొగడబ్బా ఊదింది. ఆయన మూత లేపాడు. ఈగలు పొంగిపోతున్నాయి. అంత ఆరోగ్యంగా ఉన్న పెట్టెని చూసి, ఈయన చెప్పిందంతా తప్పని నాకు ఒక్క క్షణం ధైర్యం వచ్చింది. మొదటి చట్రం, రెండోది, మూడోది. నాలుగోది ఎండ వైపు తిప్పి పట్టుకున్నాడు. వందల గదుల మూతలు చక్కగా ఉబ్బి ఉన్నాయి. రెండు మాత్రం లోపలికి కుంగి ఉన్నాయి. ఒక దానికి సూదితో పొడిచినంత కన్నం.

ఆయన అగ్గిపుల్ల తీసి ఆ గదిలో గుచ్చి, తిప్పి, మెల్లగా బయటికి లాగాడు. పుల్లతో పాటు కాఫీరంగు దారం సాగింది. వేలి కణుపంత పొడవు సాగి, తెగింది. వడ్రంగి జిగురు మాడినట్టు ఒక వాసన.

“రోజూ నా చేతుల్తో తీస్తాను. నేనెప్పుడూ చూడలేదు,” అంది అమ్మ.

“మీ ఈగలు చూడనివ్వవమ్మా. చాలా శుభ్రమైనవి. చచ్చిన పిల్లని ఈడ్చి బయట పారేస్తాయి. అందుకే ఈ పెట్టె నిలబడింది. కాని ఆ జబ్బు విత్తనం తేనెలో ఉంటుంది, మైనంలో ఉంటుంది, చెక్కలో ఉంటుంది. శుభ్రం చేసుకునే ఓపిక లేని పెట్టెలోకి వెళ్తే అక్కడ మొలుస్తుంది. మనుషులు ఈ తేనె తింటే ఏమీ కాదు. ఈగకి పెడితేనే విషం.”

“ఓపిక లేని వాటికేగా నేను ఇచ్చింది,” అంది అమ్మ.

ఆయన అగ్గిపుల్ల విరిచి డబ్బాలో వేసుకున్నాడు. 

“ఎన్నాళ్ళు బతుకుతుంది, ఆ విత్తనం?”

“నలభై ఏళ్ళనాటి చెక్కలో కూడా బతికే ఉంటుందమ్మా. నిద్రపోతూ ఉంటుంది.”

అమ్మ బోర్లించిన బకెట్ మీద కూర్చుంది. ఏడవలేదు. ఏదో వెతుక్కుంటున్న మనిషిలా నేలకేసి చూసింది.

“నాకు అయిదేళ్ళు. ఇంటి వెనక నాన్న గొయ్యి తవ్వాడు. పెట్టెలన్నీ అందులో వేసి తగలబెట్టాడు. అక్కకి పదమూడు. నన్ను లోపలికి లాక్కెళ్ళి కిటికీ మూసేసింది. ఎందుకే అంటే, పాత చెక్క, పుచ్చిపోయింది అంది. మర్నాడు చూస్తే పశువుల కొట్టం వెనక ఒక్కటి ఉంది, మీద గోనెపట్టా కప్పి. అది ఎలా మిగిలిందని ఎవరూ అడగలేదు. నాన్న వాటిని పిల్లల కంటే ఎక్కువగా చూసుకునేవాడు. ఒక్కదాన్ని చంపలేకపోయి ఉంటాడు.”

ఎవరికీ చెప్పక్కర్లేకపోయింది, ఆ ఒక్కటీ ఏదో.

నేను లోపలికి వెళ్ళి పెద్దమ్మ ఉత్తరం తెచ్చాను.  మూడో ముక్క పైకి చదివాను. “ఆ పెట్టెలోంచి మాత్రం ఏమీ పంపకు.”

“గేటు దగ్గర కూడా ఇదే అంది,” అన్నది అమ్మ. “వదిలెయ్యవే, ఎందుకో తరవాత చెబుతానంది. తరవాతెందుకు, ఇప్పుడే చెప్పమన్నాను. చెప్పలేదు. నోరు తెరిచింది, మళ్ళీ మూసుకుంది. ఆశ అనుకున్నాను. పదకొండేళ్ళు అందరికీ చెప్పుకున్నాను, మా అక్కకి పెట్టె మీద ఆశ అని.”

పిచ్చుక గబగబా వెళ్ళి సంచిలోంచి చట్రం తీసుకొచ్చి ఆయన కాళ్ళ దగ్గర పెట్టింది, పాముని పెట్టినట్టు. “ఇదిగో సార్. ఇంకో రెండు గంటలయితే ఇది నా ఒళ్ళో కూర్చుని నది దాటేది.”

“చేతులు కడుక్కో. ఆ సంచి, అందులో బట్టలు, అన్నీ సోడా వేసిన వేడినీళ్ళలో ఉడకాలి,” అన్నాడాయన. తరవాత నాలుగు మాటల్లో చెప్పాడు. మొదటి పెట్టె పూర్తిగా కాలిపోవాలి. మిగిలిన ముప్పై తొమ్మిదింటిలో చట్రాలన్నీ, ఈగలతో సహా. ఖాళీ పెట్టెల లోపల మంటతో మాడిస్తే మళ్ళీ వాడుకోవచ్చు. ఈ సాయంత్రమే, ఈగలన్నీ ఇల్లు చేరాక.

అమ్మ తలూపింది. ఆయన వెళ్ళి పటం మడవబోయాడు.

“ఉండు బాబూ. ఇంకొకటి ఉంది.”

అమ్మ వేలు మా ఇంటి దగ్గర మొదలై, రోడ్డు వెంట పోయి, నది దాటింది. పటం అక్కడితో అయిపోయింది. వేలు కాగితం అంచు కూడా దాటి, ఒట్టి బల్ల చెక్క మీద ఆగింది.

“ఇక్కడ. మా అక్క. పోయిన ఏడాది పూతకాలంలో పాలవ్యాను అతనితో ఒకటి పంపాను. వీళ్ళకి కూడా చెప్పలేదు. ఎవరు పంపారో చెప్పొద్దన్నాను.”

నేనూ పిచ్చుకా ముఖముఖాలు చూసుకున్నాం. మొండితనానికి మారుపేరు అమ్మ. ఆ అమ్మ దొంగచాటుగా రాజీకి వెళ్ళింది.

“పెట్టెల్లో పెట్టిందా ఆవిడ?” ఆయన గొంతు మొదటిసారి మారింది. “అవతలంతా పళ్ళతోటలమ్మా. పూత మీద వాలడానికి ఆవిడ రెండు వందల పెట్టెలూ తోట తోటకీ తిరుగుతాయి. అక్కడ గనక పడితే ఇక నా సైకిల్ సరిపోదు.”

“ఎవరు పంపారో తెలిస్తే కాల్చేసి ఉంటుంది. తెలియకపోతే పెట్టేసి ఉంటుంది. అదే నాకు తెలీటం లేదు.”

“ఇవాళే రాసి పంపాలి నేను. అక్కడివాళ్ళు వెళ్ళి చూస్తారు.”

“రాయి. కాని ఒక్క మాట. కాలిపోయేది మా అక్క బతుకు. ఆ సంగతి దానికి కాగితం చెప్పకూడదు. చేసినదాన్ని నేను, నేను చెప్పాలి. శుక్రవారం సాయంత్రానికి తిరిగొస్తాను.”

ఆయన పటం మడిచి జేబులో పెట్టుకున్నాడు. తరవాత అన్నాడు, “ఇవాళ బుధవారం. ఆఫీసు ఇరవై మైళ్ళు. ఈ సైకిల్‌కి గాలి కూడా తక్కువే ఉంది. కాగితం చేరేసరికి శుక్రవారం అవుతుంది.”

“నేను వెళ్తానమ్మా,” అన్నాను. 

“మా అక్క తిట్లు నాకు రావాల్సినవే. నీకెందుకు మధ్యలో?”

“అయితే నన్నూ తీసుకెళ్ళు,” అంది పిచ్చుక. “నన్నేగా పిలిచింది.”

“నువ్వూ మీ అక్కా ఇక్కడుండాలి. మంట దగ్గర ఇంటి మనుషులు ఉండాలి.”  మంట దగ్గర తాను ఉండలేదని మాకు అర్థమైంది.

అమ్మ మోచేతులదాకా వేడినీళ్ళతో రుద్దుకుంది. గోళ్ళు కత్తిరించుకుంది. పనిలో ఎప్పుడూ తొడగని బట్టలు కట్టుకుంది. పిచ్చుక బట్టలు తీసేసి సంచి ఉడకబెట్టాం. పిండినా ఆరలేదు. ఈసారి నేను సర్దాను. అమ్మవి రెండు జతలు ప్లాస్టిక్ కవర్లో చుట్టి పెట్టాను. వల లేదు, పొగడబ్బా లేదు, పనిముట్టు ఒక్కటి లేదు. జీవితంలో మొదటిసారి అమ్మ అంత తేలిక సంచితో బయల్దేరింది.

బస్సు దగ్గర ఆమె నాతో అన్నది ఇంతే. “పెద్దమ్మ చెప్పబోయి ఎందుకు చెప్పలేదో అడిగి వస్తాను. గొయ్యి లోతుగా తవ్వించు.” తన చేత్తో పిచ్చుక జడ ముడి సరిచేసింది. మెట్టెక్కింది. తడి సంచి నుంచి రెండు చుక్కలు మెట్టు మీద పడ్డాయి.

సాయంత్రం ఈగలు ఇల్లు చేరాయి. అగ్గిపుల్లాయన పని ఆయన చేశాడు. మేం చట్రాలు అందించాం. తేనె మండుతుంటే వాసన తియ్యగానే ఉంది. అదే నాకు భరించరానిదైంది. మొదటి పెట్టెని పిచ్చుకా నేనూ చెరోవైపూ పట్టుకుని గొయ్యిలోకి దించాం. తాతయ్య చేయలేని పని మా చేతుల మీదుగా పది నిమిషాల్లో అయిపోయింది.

లోపలికి వస్తే బల్ల మీద, పటం ఉన్నచోట, అమ్మ కళ్ళజోడు ఉంది. సర్దినది నేను. మరిచిపోయింది నేను. శుక్రవారం వచ్చేస్తుందిగా అనుకుని కళ్ళజోడు కిటికీలో పెట్టాను.

గురువారం ఉత్తరం లేదు, కబురు లేదు. శుక్రవారం ఆరున్నర బస్సుకి ఆరింటికే వెళ్ళి నిలబడ్డాం. ముగ్గురు దిగారు. మూడో ఆవిడకి అమ్మ ముఖమే ఉంది, ఎనిమిదేళ్ళు పెద్దది. పదకొండేళ్ళ తరవాత చూస్తున్నా పెద్దమ్మని పోల్చుకోవడానికి క్షణం పట్టలేదు. చేతిలో నల్లదారంతో కుట్టిన ఎర్రసంచి ఉంది. పూర్తిగా ఆరిపోయింది.

“అమ్మ ఏదీ?” అంది పిచ్చుక, ఆవిడ వెనక మెట్లకేసి చూస్తూ. బస్సు తలుపు మూసుకుంది.

అమ్మ ఆ శుక్రవారం రాలేదు. ఆ తరవాత ఏ శుక్రవారమూ రాలేదు. తోటల్లో పూత రాలుతున్న ఆ వారం, బుధవారం ఉదయం తొమ్మిదిన్నర బస్సు ఎక్కిన మా అమ్మ మళ్ళీ ఇల్లు చేరలేదు. ఎందుకో వచ్చే వారం చెబుతాను.